రజని పేరు మీద కళ్ళజోడు

పరుపు మీద పరిచిన చీర ఒట్టి గుడ్డ. మనిషి మీదికి ఎక్కితేనే అది చీర. రిసాలి బజారులో కృష్ణమోహన్ కొట్టు నిలబడింది ఈ ఒక్క సంగతి మీదే. బేరం కాస్త వేడెక్కిందనిపించగానే అతను లేచి నిలబడతాడు. అంచు పట్టుకుని ఒక చుట్టు తిప్పి, నాలుగు వేళ్ళ మధ్య కుచ్చిళ్ళు ఆడించి, ప్యాంటు బెల్టులోకి దోపి, పమిట ఎడమ భుజం మీదుగా మోకాలి దాకా వదులుతాడు. తరవాత నోరెత్తడు. చీర కట్టిన మనిషి మాట్లాడితే ఆడవాళ్ళ చూపు చీర మీంచి మనిషి మీదికి పోతుంది, బేరం చల్లబడుతుంది.

ఆ ఆదివారం రుఆబాంధా నుంచి అప్పయమ్మ వచ్చింది. కోడలినీ, మరో ముగ్గురినీ వెంటేసుకొచ్చింది. ఇంట్లో గృహప్రవేశం. కృష్ణమోహన్ పాతిక చీరలు విప్పాక ఆవిడ గంధం రంగుకి మెరూన్ అంచున్నదాని దగ్గర ఆగింది. వేళ్ళు ఆ అంచు మీదే ఉన్నాయి, కళ్ళు మాత్రం వేరే చీరలు వెతుకుతున్నాయి. మనసు పడ్డదానికే వంకలు పెడతారని అతనికి తెలుసు. లేచి అదే కట్టుకున్నాడు.

"ఏటి బాబూ, మా కోడలి మీద కంటే నీ మీదే ఎత్తి కనబడతన్నాది. నువ్వే ఉంచేసుకో," అంది అప్పయమ్మ. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు కూడా సరుకులో భాగమే.

"ఆ నల్ల కళ్ళజోడొక్కటే అడ్డు. అది తీసెయ్యి, పెళ్ళికూతురివే."

అతను తీశాడు. తియ్యగానే అప్పయమ్మ లేదు, కోడలు లేదు, కొట్టు లేదు. రంగురంగుల మసక. ఆ మసకలోంచి నవ్వులు వచ్చాయి. ఎవరో "అబ్బ, నిజవే" అన్నారు. ఏది నిజమో చూసుకునే వీలు ఆ కొట్లో అతనొక్కడికే లేదు. మళ్ళీ జోడు పెట్టుకునేసరికి అద్దంలో నల్లటి దళసరి ఫ్రేము వెనక నలభయ్యారేళ్ళ చీరల షాపతను చీర కట్టుకుని నిలబడి ఉన్నాడు.

అప్పయమ్మ ఆ చీరా, మరో రెండూ తీసుకుంది. వాటికి ఫాల్ కుట్టే పని రజనీకుమారిది. కొట్టు వెనక భాగంలో కిటికీ పక్కన ఆమె మిషను. ఫాల్ కింది అంచు మిషను మీద లాగినా, పై అంచు చేతికుట్టే వేస్తుంది. మిషను కుట్టు చీర మీదికి కనబడుతుందని ఆమె ఒప్పుకోదు. చేతికుట్టు కాబట్టే ఆమె దగ్గరికి ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్ల సెక్టార్ల నుంచి కూడా వస్తారు.

"ఏవండీ, దారం," అంది రజని సూది చాపి. అతను అలవాటుగా అందుకుని ఎక్కించి ఇచ్చాడు. సంక్రాంతి దాటినప్పటి నుంచి ఆమెకి సూది కన్ను ఆనడం లేదు. దగ్గరగా పెట్టుకుంటే అసలు లేదు, చెయ్యి బారచాపితే కొంచెం ఉంది. వచ్చే నెల దుర్గ్ తీసుకెళ్ళి కళ్ళు పరీక్ష చేయిస్తానని అతను అప్పటి నుంచి అంటూనే ఉన్నాడు. మనిషి ఎదురుగానే ఉంటే సూదికి దారం ఎక్కించడం ఎంతసేపు. అలా నాలుగు నెలలు గడిచాయి.

సోమవారం కొట్టుకి సెలవు. రజని పొద్దున్నే మరోదాలో ఉన్న అక్క అప్పలనర్సమ్మ ఇంటికి పోతుంది, మధ్యాహ్నం భోంచేసి వస్తుంది. కొట్టు మీది గదిలో సరుకు ఉంటుంది. అట్టపెట్టెల వెనక నిలువుటద్దం ఒకటి, గోడకి తిప్పి పెట్టింది. దాని పక్కన ఇనప బీరువా. అడుగు అరలో పాత బిల్లు పుస్తకాల కింద ఒక మెరూన్ రవిక, ఒక లంగా, పెట్టుడు జుట్టు, ఒక కాటుక డబ్బీ.

కృష్ణమోహన్ తలుపు గడియ వేసి, అద్దం తిప్పి, గడ్డం రెండోసారి గీసుకున్నాడు. కింద పాతికమంది ముందు కట్టే చీరే పైన కట్టడానికి గడియ కావాలి. ఈ లెక్క అతనికి ఎన్నడూ తేలలేదు. కింద కట్టేటప్పుడు చీరని ఇచ్చెయ్యడానికి కడతాడు, పైన ఉంచుకోవడానికి. తేడా అంతే. ఆ తేడాకే గడియ.

అప్పయమ్మ తీసుకున్నదానికి జతగా వచ్చిన గంధం రంగు చీరకి కుచ్చిళ్ళు కుదిరాయి. పమిటకి పిన్ను పెట్టడు, పెడితే చీరకి చిల్లు పడుతుంది, సరుకు పాడవుతుంది. కాటుక పెట్టుకోవడానికి అద్దానికి ముక్కు ఆనించాలి. పెట్టుకుని వెనక్కి రెండడుగులు వేస్తే అద్దంలో గంధం రంగు మసక ఒకటి నిలబడుతుంది. దానికి మొహం ఉండదు. మొహం కావాలంటే జోడు పెట్టుకోవాలి. పెట్టుకుంటే ఆ మొహం ఎవరిదో అతనికి బాగా తెలుసు, రోజూ గల్లా దగ్గర కూచునేవాడిదే. ఆరున్నర మైనస్ ఉన్న మనిషికి మూడో దారి లేదు. కంట్లో పెట్టుకునే లెన్సులు రెండుసార్లు తెచ్చుకున్నాడు. రెండుసార్లూ కళ్ళు చింతనిప్పుల్లా అయ్యాయి. ఇక వద్దన్నాడు డాక్టరు.

పదేళ్ళుగా కట్టుకుంటున్నాడు, ఒక్కసారీ చూడలేదు. సరుకు కొని విప్పకుండా అటక మీద పెట్టుకున్నట్టు ఉంది.

అప్పయమ్మ మాట చెవిలోనే ఉంది. నల్ల కళ్ళజోడొక్కటే అడ్డు. అతను చీర మడిచి, పాత మడతల మీదే మడత పడేలా అరచేత్తో అణిచి, మొహం కడుక్కుని, స్కూటరు తీసి దుర్గ్ బయల్దేరాడు. రిసాలిలో కళ్ళజోళ్ళ కొట్లు లేక కాదు. అక్కడ అందరూ అతన్ని అన్నయ్య అంటారు.

దుర్గ్‌లో ఆ కొట్టు అతనికి తెలియదు, కొట్టుకి అతను తెలియదు. అందుకే దూరాడు. గల్లా దగ్గర లావాటి యజమాని ఎవరితోనో ఫోన్లో ఉన్నాడు. అద్దాల బల్ల వెనక ఇరవై రెండేళ్ళ పిల్ల, మెడలో సన్నటి గొలుసుకి శిలువ. కృష్ణమోహన్ హిందీలో చెప్పాడు, ఇంట్లోవాళ్ళకి ఫ్రేము కావాలని. ఇంట్లోవాళ్ళని తీసుకొస్తే బాగుంటుందని ఆ పిల్ల అంది. ఇంట్లోవాళ్ళకి కుదరదన్నాడు. ఇంట్లోవాళ్ళ మొహం కోలా గుండ్రమా అని అడిగింది. ఇంట్లోవాళ్ళది ఇంచుమించు నా మొహం లాంటిదే అన్నాడు.

అన్నాక తనకే వినబడింది. పక్క వీధి మనిషికి చీర కొనడానికి వచ్చే మగవాళ్ళు తన కొట్లో సరిగ్గా ఇలాగే మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళకి అని రెండుసార్లు అన్నారంటే ఇంట్లోవాళ్ళకి కాదు. అతను మూడుసార్లు అనేశాడు. అలాంటి బేరాన్ని తను ఎన్నడూ గుచ్చి అడగలేదు. చీర మడిచి సంచిలో పెట్టి పంపేశాడు. ఈ పిల్లా అలాగే పంపిస్తే చాలు.

ఆ పిల్ల పళ్ళెంలో ఆరు ఫ్రేములు పెట్టింది. బంగారు తీగవి రెండు, లేత గులాబీది, పారదర్శకంగా ఉన్నది, నల్లది. ఆరోది మెరూన్ ప్లాస్టిక్ షెల్ ఫ్రేము. కళ్ళ చివర పైకి లేచి, రెప్ప కొసన కాటుక గీత లాగినట్టుంది. కాడల మీద సన్నటి బంగారు గీత. అతను మిగతా అయిదింటినీ ఒక్కొక్కటే తీసి, తిప్పి చూసి, కాడలు మూసి పెట్టాడు. ఆరోదాన్ని చివరికి ఉంచాడు. అప్పయమ్మ వేళ్ళు గుర్తొచ్చాయి. తన వేళ్ళని ఎవరైనా చూస్తున్నారేమోనని తలెత్తాడు. ఆ పిల్ల చూస్తోంది.

"పవర్ ఎక్కువైతే చిన్న ఫ్రేమే మేలు. అద్దం అంచు మందం తెలీదు," అని హిందీలో చెప్పి పవర్ చీటీ అడిగింది. అతను ఇచ్చాడు. పేరున్న పై భాగం ముందే చింపేశాడు. ఆమె చీటీ చూసింది, అతని నల్లజోడు అంచు చూసింది.

"పెట్టుకుని చూడండి. మొహం ఒకేలా ఉంటుందన్నారుగా," అంది, హిందీలోనే.

అతను నల్లజోడు తీసి మెరూన్‌ది పెట్టుకున్నాడు. ముక్కు మీద ఎంత తేలిగ్గా కూచుందో. గుండ్రటి బల్లద్దం మొహం ముందుకి లాక్కున్నాడు. మసక. ఫ్రేములో ఉన్నవి డమ్మీ గ్లాసులు, పవర్ లేనివి. ఈ సంగతి అతను ఆలోచించనే లేదు. అద్దం మీదికి వంగాడు, ముక్కు తగిలేదాకా. ఒక కన్ను కనబడింది, దాని మీద మెరూన్ కొస కనబడింది. మొహం కనబడలేదు.

"అరే భయ్యా, ఓ లేడీస్ కా హై," అన్నాడు యజమాని ఫోన్ దించి, కొట్టంతా వినబడేలా. జెంట్స్ ఫ్రేములు ఇటు అని చెయ్యి ఊపాడు. అక్కడితో ఆగితే వ్యాపారం. ఆగలేదు. మీసం తీసేస్తే మాత్రం బాగానే నప్పుతుందన్నాడు. కృష్ణమోహన్‌కి మీసం లేదు. ఆ మాటకి పక్క బల్ల దగ్గర కూచున్న మొగుడూ పెళ్ళాం నవ్వారు. పెళ్ళాం నోటికి పమిట అడ్డం పెట్టుకుంది, మొగుడు ఫోన్ ఎత్తాడు, ఫోటోకో దేనికో. చీర మొత్తం ఒంటికి చుట్టుకుంటే కొనుక్కుపోయే జనం, బెత్తెడు ఫ్రేము ముక్కు మీద పెడితే సర్కస్ చూసినట్టు చూశారు. కృష్ణమోహన్ వెంటనే తియ్యలేదు. తియ్యాలని చెయ్యి లేచింది గాని, కాడ చెవి వెనక పట్టేసింది. ఆ రెండు క్షణాలూ నవ్వు వినబడుతూనే ఉంది.

ఆ పిల్ల తన కుర్చీ జరిపి, ఆ బల్లకీ అతనికీ మధ్య కూచుంది. చిన్న స్కేలు తీసింది.

"కదలొద్దు అంకుల్. నా కుడి కన్ను చూడండి," అంది. తెలుగులో.

మసకలో ఆ పిల్ల మొహం ఎవరిదో పోల్చుకోవడానికి అతను కళ్ళు చిట్లించాడు.

"మా అమ్మ పేరు కాంతం. మరోదా. క్రిస్మస్ చీరలు మీ కొట్లోనే తీసుకుంటాది. నేను జెన్నీని, చిన్నప్పుడు మీ పరుపు మీద పడుకునేదాన్ని." స్కేలు అతని కళ్ళ కింద ఆనించి, ఒక కన్ను మూసి, అంకె చూసుకుంది. "రెండు కంటిపాపల మధ్య దూరం ఇది. పెట్టుకునేవాళ్ళదే కొలవాలి. వేరేవాళ్ళది కొలిస్తే తలనొప్పి వస్తాది." అంకె రాసుకుని, గొంతు ఇంకా తగ్గించింది. "కొలిచేశాను."

తన ఫోన్‌తో ఒక ఫోటో తీసి, అతని నల్లజోడు అతని చేతికిచ్చి, ఫోటో చూపించి, అతని ఎదుటే చెరిపేసింది. అతను దాన్ని చూసింది ఎంతసేపో అతనికే తెలియదు. చూశాడు. చౌకబారు ట్యూబులైటు కింద, షర్టు కాలరు పైన, ఒక మొహం. తన తల్లికి తోబుట్టువులా ఉంది.

"పేరేం రాయమంటారు?" అంది జెన్నీ బిల్లు పుస్తకం తెరిచి.

"రజనీకుమారి."

కలం ఒక్క క్షణం ఆగింది. తరవాత రాసింది. ఫోన్ నెంబరు అడిగింది. అతని నోరు రోజుకి యాభైసార్లు చెప్పే నెంబరే చెప్పింది.

నెహ్రూనగర్ దాటాక గాని అది కొట్టు ఫోన్ నెంబరని అతనికి వెలగలేదు. స్కూటరు పక్కకి ఆపాడు. వెనక్కి వెళ్ళి మార్పించాలంటే మళ్ళీ ఆ యజమాని ముందు నిలబడాలి. శనివారం ఇస్తామన్నారు. శనివారం ఫోన్ తన జేబులో ఉంటే సరి అనుకున్నాడు. వ్యాపారి ఎప్పుడూ చెడు బేరాన్ని సర్దుకునే లెక్కలే వేస్తాడు.

మంగళ, బుధ, గురువారాలు ఫోన్ మోగితే రజని కంటే ముందు అతను అందుకున్నాడు. మామూలుగా ఆ ఫోన్ రజనిది. కొత్త చీరల ఫోటోలు తీసి ముందుగా అడిగిన ఆడవాళ్ళకి పంపేది ఆమే. ఇదేటి కొత్త సరదా అని ఆమె అడిగింది. శుక్రవారం టోకు సరుకుకి రాయపూర్ వెళ్ళక తప్పలేదు. ఫోన్ తీసుకెళితే బేరాలు పోతాయని ఆమె అంటే అక్కడే వదిలి వెళ్ళాడు. చెప్పింది శనివారం కదా అని తనకి తాను చెప్పుకున్నాడు.

సాయంత్రం మూటలు దించుకుని వచ్చేసరికి రజని మిషను దగ్గరే ఉంది. పొద్దున కట్టుకున్న వాయిలు చీర కాదు, వంగపండు రంగు సిల్కు కట్టుకుని ఉంది. ఎక్కడికైనా వెళ్ళావా అని అడిగాడు. మందుల కొట్టుకి అంది. మందుల కొట్టుకి సిల్కు చీర కట్టుకునే మనిషి కాదు రజని. అతను ఫోన్ తీసి చూశాడు. ఏ మెసేజీ లేదు. లేదు కాబట్టి ఊపిరి పీల్చుకున్నాడు. ఎదుటి ఒంటి మీది చీరని చూసి మనిషిని చదివేవాడు, ఆ పూట సొంత ఇంట్లో చీరని చూసి కూడా చదవలేదు.

శనివారం మధ్యాహ్నం పన్నుల ఆఫీసుకని చెప్పి దుర్గ్ వెళ్ళాడు. జెన్నీ అతన్ని చూసి లేచి నిలబడింది. పళ్ళెం తియ్యలేదు.

"నిన్న ఆంటీ వచ్చారు, అంకుల్."

ఒక రోజు ముందే తయారైతే గల్లా మీది కంప్యూటరు దానంతటదే మెసేజీ పంపేసింది. ఆంటీ పేరు చెప్పి అడిగితే జెన్నీ భోజనానికి వెళ్ళి ఉంది, యజమానే తీసి ఇచ్చాడు. జెన్నీ వచ్చేసరికి ఆంటీ జోడు పెట్టుకుని అద్దం ముందు కూచుని ఉన్నారు. బాగుందా అమ్మా అని అడిగారు. ఏం కనబడటం లేదు గాని, మొదట్లో ఇలాగే ఉంటాదేమో అన్నారు. ఇంత వరకూ చెప్పి జెన్నీ ఆగింది.

"తరవాత?"

"తరవాత ఆంటీయే చీటీ అడిగి చూసారు. మీ పవర్ ఆంటీకి తెలుసుగా అంకుల్. నేనేం చెప్పలేదు." ఆమె చూపు బల్ల మీదే ఉంది. "చాలాసేపు అలాగే కూచున్నారు."

జోడు ఎక్కడుందని అతను అడిగాడు. అది ఆంటీని అడగాలని జెన్నీ అంది.

ఆదివారం కొట్టు కిటకిటలాడింది. రజని ఎప్పటిలాగే మిషను దగ్గర. సూది చాపేది, అతను దారం ఎక్కించి ఇచ్చేవాడు. పొద్దుటి నుంచి పదకొండుసార్లు చాపింది. మామూలు రోజున నాలుగైదుసార్ల కంటే అవసరం పడదు, పొడుగ్గా దారం తీసుకుంటుంది. ఆ రోజు పొట్టి పొట్టి ముక్కలు కత్తిరించి ఎక్కించమంది. మరో మాట లేదు, చూపు లేదు. సూది మాత్రం అతని చేతికి వస్తూనే ఉంది. పదకొండోసారి అతని వేలికి గుచ్చుకుంది. ఆమె చూసి, చీరకి రక్తం అంటకుండా చీర పక్కకి లాక్కుంది.

సోమవారం ఆమె అక్క ఇంటికి వెళ్ళలేదు. తొమ్మిదింటికి బయటికి వెళ్ళింది. కృష్ణమోహన్ మేడ మీదికి వెళ్ళలేదు. షట్టరు సగం దించిన కొట్లో పరుపు మీద కూచున్నాడు. అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులు పోగు చేశాడు. నాటకం వేసేవాళ్ళకి కావాలన్నారని. చీటీలు తారుమారయ్యాయని. ఒక్కటీ అమ్ముడయ్యేలా లేదు.

మధ్యాహ్నం రెండింటికి షట్టరు కింద నుంచి వంగి రజని లోపలికి వచ్చింది. నిటారుగా నిలబడింది. ఆమె మొహం మీద మెరూన్ జోడు ఉంది. కళ్ళ కొసలు పైకి లేచి, కాడల మీద బంగారు గీత.

తన పవర్ అద్దాలతో ఆమె రోడ్డెలా దాటిందా అన్నది అతనికి మొదట వచ్చిన ఆలోచన. ఆమె తిన్నగా మిషను దగ్గరికి నడిచి, కూచుని, సూది తీసింది, దారం తీసింది. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఒక్కసారికే ఎక్కింది.

"కళ్ళు చూపించుకుని అద్దాలు మార్పించాను. ఫ్రేము బాగుంది. అది ఉంచాను," అంది.

అతను మాట్లాడబోయాడు.

"మీరేటీ చెప్పొద్దు. అబద్ధం చెప్తారు, నేను నమ్మినట్టుండాల. అది మరో పని నాకు." దారం కొస ముడి వేసింది. "ఆ బీరువాలో మెరూన్ రవిక చంక దగ్గర రెండేళ్ళ కింద చిరిగింది. దాన్ని కుట్టిందెవరనుకున్నారు? దానంతటదే అతుక్కుందనుకున్నారా?"

చిరిగిందని కృష్ణమోహన్‌కి తెలుసు. మళ్ళీ చూసినప్పుడు చిరుగు లేదు. తను పొరపడ్డాననుకున్నాడు. ఆ కుట్టు పైకి కనబడలేదు, చేతికుట్టు.

"మీకేటి ఇష్టవో నాకు తెలీదు. తెలుసుకోవాలని లేదు. అడగలేదు, అడగను. పైన గడియ పడితే నేను అక్క ఇంటికి పోతన్నాను. పోవాలని ఉండి పోతన్నాననుకుంటన్నారా ప్రతి సోమవారం? వాళ్ళాయన తాగొచ్చి కూచుంటాడక్కడ." ఆమె గొంతు పెరగలేదు. "అయినా పోతన్నాను. గాని నా పేరెందుకు రాయించారు?"

ఆమె ఫాల్ కుట్టాల్సిన చీర ఒళ్ళోకి లాక్కుంది.

"మెసేజీ వచ్చింది. రజనీకుమారి గారూ, మీ కళ్ళజోడు తయారైందని. నా పేరుతో ఆ ఫోన్‌కి ఇప్పటి దాకా ఒక్క మెసేజీ రాలేదు. మీరు దాచి చేయించారనుకున్నాను. సిల్కు చీర కట్టుకున్నాను. దుర్గ్ దాకా షేర్ ఆటోలో పక్కనున్నామెతో కూడా చెప్పాను, మా ఆయన చెప్పకుండా చేయించాడని. ఏటీ కనబడకపోతే నా కళ్ళే పాడయ్యాయనుకున్నాను." సూది ఫాల్‌లో దించి పైకి లాగింది. "పవర్ చూసుకునేదాకా గంటన్నర. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో గంటన్నర."

కృష్ణమోహన్‌కి నాలుగు నెలల సూదులు గుర్తొచ్చాయి. అన్ని సూదులు తన చేతి మీదుగా పోయాయి, నిన్నటిదాకా ఒక్కటీ గుచ్చుకోలేదు. ఎవరి అవసరం ఎంతో మొహం చూసి చెప్పగలిగే మనిషి, ఆ అవసరాన్ని పేరుతో సహా వాడుకుని, దాన్ని మాత్రం ఉన్నచోటే ఉంచేశాడు.

ఆమె సంచిలోంచి చిన్న కాగితం పొట్లం తీసి మిషను బల్ల చివర పెట్టింది.

"ఇవి మీవి. కొట్టువాళ్ళు పారేస్తామన్నారు. ఆయనవి, ఇవ్వండన్నాను."

పొట్లంలో రెండు అద్దాలున్నాయి. మెరూన్ ఫ్రేము ఆకారానికి కోసిన ఆరున్నర మైనస్ అద్దాలు. కొసలు పైకి లేచి ఉన్నాయి. ఇంకే ఫ్రేములోనూ పట్టవు.

మంగళవారం అప్పయమ్మ చీరలకి వచ్చింది, కోడలితో. ఫాల్ కుట్టు తిప్పి చూసి మెచ్చుకుంటూ రజని మొహం చూసింది. పక్క ఫ్యాన్సీ కొట్టు భాగ్యరేఖ కూడా జాకెట్టు గుడ్డకని వచ్చి ఉంది. ఇద్దరూ మిషను చుట్టూ చేరారు. భలే ఫ్రేమన్నారు. వయసు పదేళ్ళు తగ్గిందన్నారు. ఎక్కడ కొన్నావు, ఎవరు ఏరారని అడిగారు.

కృష్ణమోహన్ చేతిలో చీర అలాగే ఆగిపోయింది.

"ఆయనే," అంది రజని కుట్టు మీంచి తల ఎత్తకుండా. "తన మొహానికి పెట్టుకుని చూసి మరీ ఏరారు."

ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు, ముచ్చటపడి. చీరలకి చేసినట్టే చేశాడన్నమాట అంది భాగ్యరేఖ, మా ఆయనైతే నా మొహం ఎలా ఉంటాదో కూడా చెప్పలేడంది. అప్పయమ్మ అతని వైపు తిరిగి, పెళ్ళాం అంటే అంత ప్రాణం ఉండాలి బాబూ అంది. బజారులో ఆ మాట సాయంత్రానికి పది కొట్లు తిరుగుతుందని అతనికి తెలుసు. నిజం అతని కొట్లోంచే, పదిమంది ముందే బయటికి పోయింది, దాన్ని ఎవరూ పట్టుకోలేదు. రజని మొహం చూశాడు. కొత్త అద్దాల వెనక ఆమె కళ్ళు కొంచెం పెద్దవిగా, తేటగా, ఏ చలనమూ లేకుండా కుట్టు మీదే ఉన్నాయి.

ఇంకో గంధం రంగు చీర ఉంటే చూపించమంది కోడలు. పైన ఉంది, తెస్తానని అతను మేడ ఎక్కాడు.

అట్టపెట్టెలోంచి చీర తీశాడు. వాళ్ళు కింద ఎదురుచూస్తున్నారు. అయినా అద్దం తిప్పాడు. నల్లజోడు తీసి పెట్టె మీద పెట్టి, చీర మడత విప్పి పమిట ఒక్కటి షర్టు మీదుగా భుజాన వేసుకున్నాడు. జేబులోంచి పొట్లం తీశాడు. రెండు అద్దాలనీ చెరో చేత్తో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కళ్ళ ముందుకి తెచ్చాడు.

గది స్పష్టంగా నిలబడింది. అద్దంలో గంధం రంగు పమిట, దాని మీద మెరూన్ అంచు, అంచు పైన మెడ. మొహం మీద మాత్రం రెండు చేతులు, నాలుగు వేళ్ళు. వేళ్ళ చాటున ఎవరో ఉన్నారు.

"ఏవండీ, చీర," అని కింద నుంచి పిలిచింది రజని.

పమిట భుజం మీంచి జారడం మొదలెట్టింది. పట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు.